పొట్టకీ చర్మానికీ మధ్య కబుర్లు

పిల్లలూ! ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చెయ్యండి. మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి పెరుగు గిన్నె ఒకసారి చూసి రండి. కొట్లో కొన్న డబ్బా అయినా సరే, అమ్మమ్మ తోడుపెట్టిన గిన్నె అయినా సరే.

చూశారా? తెల్లగా, కదలకుండా, ఏమీ తెలియనట్టు కూర్చుని ఉంది కదా! అందులో ఒక్క చెంచా పెరుగు తీస్తే కోట్లకొద్దీ ప్రాణులు ఉంటాయి. కంటికి కనపడవు. వాటిని సూక్ష్మజీవులు అంటాం. సూక్ష్మం అంటే చాలా చిన్నది, జీవి అంటే ప్రాణం ఉన్నది. ఈ పాఠమంతా వాటి గురించే. కానీ నేను ఇది రాయడానికి కారణం పెరుగు కాదు, మా తరగతిలో చదివిన ఒక అమ్మాయి.

ఒకసారి ఉగాది పండగ కోసం పిల్లలందరినీ జంటలుగా నిలబెట్టి ఒప్పులకుప్ప ఆడిస్తున్నాం. ఇద్దరు చేతులు పట్టుకుని గిరగిరా తిరిగే ఆట, మీకు తెలుసు కదా. ఆ అమ్మాయి ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చేది, ఎండాకాలంలో కూడా. ఆ రోజు తిరుగుతుంటే చొక్కా చేతులు పైకి జరిగాయి. మోచేతుల మీద ఎర్రటి మచ్చలు, వాటి మీద చేప పొలుసుల్లాంటి తెల్లటి పొర కనిపించాయి. ఎదురుగా ఉన్న పిల్ల చటుక్కున చేతులు వదిలేసింది. "నాకూ అంటుకుంటుందేమో" అంది. చెడ్డ పిల్ల కాదు, భయపడింది, అంతే. ఈ అమ్మాయి ఏమీ అనకుండా వెళ్ళి గోడ పక్కన కూర్చుంది.

తరగతి అయ్యాక నా దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది: "టీచర్, నేను ఏం తిన్నానని ఇది వచ్చింది?"

ఎందుకలా అడిగిందంటే, ఇంటికి వచ్చిన అత్తయ్యలూ పిన్నులూ ఒక్కొక్కరూ ఒక్కొక్కటి మానెయ్యమన్నారట. ఒకరు వంకాయ, ఒకరు గోంగూర, ఒకరు పాలు, ఒకరు చేపలు. పాపం, చివరికి కంచంలో ఏం మిగిలిందో! ఆ రోజు నాకు సరైన జవాబు తెలియలేదు. తరవాత చదివి తెలుసుకున్నాను. అదే మీకు చెప్తాను.

ముందు పేర్ల చిక్కు

తెలుగులో చర్మం జబ్బుల పేర్లు కొంచెం తికమకగా ఉంటాయి. "తామర" అంటే మీకు పువ్వు గుర్తొస్తుంది కదా. కానీ ఊళ్ళో "వాడికి తామర వచ్చింది" అంటే చేతికి పువ్వు పూసిందని కాదు! ఒంటి మీద గుండ్రంగా వచ్చే దురద మచ్చ అని. అది ఒకరకం బూజు వల్ల వస్తుంది, అంటుకుంటుంది కూడా. "గజ్జి" అనేది చర్మంలోకి దూరే చిన్న పురుగు వల్ల వస్తుంది. అదీ అంటుకుంటుంది. చిక్కేమిటంటే, ఎగ్జిమాని కూడా చాలామంది తామర అనే అంటారు. ఎగ్జిమా అంటుకోదు. ఆ అమ్మాయికి వచ్చింది సోరియాసిస్. అదీ అంటుకోదు. చేయి పట్టుకున్నా, పక్కన కూర్చున్నా, ఒకే కంచంలో తిన్నా, ఒకే కొలనులో ఈత కొట్టినా రాదు. ఒకే మాటని మూడు నాలుగు జబ్బులకి వాడటం వల్ల, అంటుకోనివాటికి కూడా అంటుకునేవాటి చెడ్డపేరు వచ్చింది.

అమెరికాలో పెద్దవాళ్ళలో నూటికి ముగ్గురికి సోరియాసిస్ ఉందని లెక్క. అంటే దాదాపు 75 లక్షల మంది. కాబట్టి మీ బడిలో, మీ వీధిలో, మీరు గుడికి వెళ్తే అక్కడ కూడా ఎవరో ఒకరికి ఉండే ఉంటుంది. పొడుగు చేతుల చొక్కా వల్ల మనకి తెలియదు.

అసలేం జరుగుతుందంటే

మన చర్మం ఎప్పుడూ కొత్తది పుడుతూ పాతది రాలిపోతూ ఉంటుంది. అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు ఒక నెల పడుతుంది. సోరియాసిస్ ఉన్నచోట ఆ నెల పని మూడు నాలుగు రోజుల్లోనే అయిపోతుంది. కొత్త కణాలు తోసుకొస్తుంటాయి, పాతవి రాలడానికి టైమ్ ఉండదు. అందుకే పొలుసుల్లా పేరుకుపోతాయి.

మరి చర్మానికి అంత తొందరెందుకు? చర్మం తప్పు కాదది. దానికి "తొందరగా, తొందరగా" అని కబురు పంపేవాళ్ళు వేరే ఉన్నారు. మన ఒంట్లో రోగాలతో పోరాడే కణాలు ఉంటాయి, వాటి బలాన్ని రోగనిరోధక శక్తి అంటారు. నిరోధించడం అంటే ఆపడం, అడ్డుకోవడం. ఇవి ఊరికి కాపలా కాసేవాళ్ళ లాంటివి. దొంగ వస్తే పట్టుకోవాలి, చుట్టం వస్తే లోపలికి రానివ్వాలి. ఒక్కోసారి కాపలావాడు చుట్టాన్ని చూసి "దొంగ! దొంగ!" అని అరుస్తాడు. ఊరంతా కర్రలు పట్టుకుని వచ్చేస్తుంది. సోరియాసిస్‌లో జరిగేది అదే. దొంగ లేడు, గోల మాత్రం ఉంది.

ఆ అరుపులకి శాస్త్రవేత్తలు పేర్లు పెట్టారు. వాటిలో ముఖ్యమైనవి ఇంటర్‌ల్యూకిన్-23, ఇంటర్‌ల్యూకిన్-17. పేర్లు నోరు తిరగకపోతే కంగారు పడకండి. ఒక కణం ఇంకో కణానికి పంపే కబుర్లు అనుకోండి, చాలు. ఈ మధ్య వచ్చిన సోరియాసిస్ మందులు కొన్ని సరిగ్గా ఆ కబుర్లనే దారిలో ఆపేస్తాయి.

పుట్టుకతో వచ్చే గుణం కూడా ఇందులో పెద్ద భాగమే. అమ్మానాన్నల్లో ఎవరికైనా ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. అయితే అది ఉన్న అందరికీ రాదు. గొంతునొప్పి జ్వరమో, దెబ్బ తగలడమో, బెంగో, ఏదో ఒకటి తట్టి లేపాలి. ఆ లేపేవాటిలో తిండి కూడా ఉందా అన్నదే ఇప్పుడు చాలామంది వెతుకుతున్న ప్రశ్న.

పొట్టలో ఒక ఊరు

ఇప్పుడు పొట్టలోకి వెళ్దాం. మన ఒంట్లో ఉన్న సూక్ష్మజీవులు సుమారు 38 లక్షల కోట్లని 2016లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. మన సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు. అంటే మన ఒంట్లో మనకంటే వాళ్ళే కాస్త ఎక్కువమంది! బరువు మాత్రం అందరూ కలిపి ఒక కప్పు పెరుగంత ఉంటారేమో. దాదాపు అందరూ ఉండేది పెద్దపేగులోనే.

వీళ్ళు అక్కడ ఊరికే కూర్చోరు. మనం తిన్న అన్నం, పంచదార, నూనె పైనున్న చిన్నపేగులోనే మన ఒంట్లోకి వెళ్ళిపోతాయి. కానీ పీచు ఉంటుంది చూశారూ, తోటకూర కాడలో, చిక్కుడుకాయలో, కందిపప్పులో, జొన్నరొట్టెలో, జామకాయలో ఉండేది, దాన్ని మనం అరిగించుకోలేం. అది అలాగే కిందికి వస్తుంది. పెద్దపేగులో ఉన్న సూక్ష్మజీవులకి అదే విందు. వాళ్ళు దాన్ని తిని, పులియబెట్టి, కొన్ని ఆమ్లాలు తయారుచేస్తారు. వాటిలో ఒకదాని పేరు బ్యూటిరేట్. పేగు గోడలోని కణాలకి అదే ముఖ్యమైన ఆహారం.

ఆ పేగు గోడ లోపలి పొర ఎంత మందమో తెలుసా? ఒక్క కణం అంత! ఇటు వైపు లక్షల కోట్ల సూక్ష్మజీవులు, అటు వైపు మన రక్తం, మధ్యలో ఒక్క వరస కణాలు, దాని మీద కాస్త జిగురు. అందుకే మన కాపలా కణాల్లో చాలా పెద్ద భాగం పేగు చుట్టూనే కాపురం పెట్టాయి. అక్కడే అవి చదువుకుంటాయి కూడా. ఎవరు చుట్టం, ఎవరు దొంగ, ఎప్పుడు అరవాలి, ఎప్పుడు ఊరుకోవాలి, అన్నీ అక్కడ నేర్చుకుంటాయి. బ్యూటిరేట్ లాంటివి ఉంటే "ఊరుకోండి, ఏం ఫరవాలేదు" అని సర్దిచెప్పే కణాలు ఎక్కువ తయారవుతాయని ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. పీచు లేకపోతే ఆకలేసిన సూక్ష్మజీవులు కొన్ని ఆ జిగురునే తినడం మొదలుపెడతాయి. గోడ పలచబడుతుంది. కాపలావాళ్ళకి చిరాకు పెరుగుతుంది.

చిరాకుపడిన కాపలా కణం పొట్టలోనే ఉండిపోవాలని ఏమీ లేదు. రక్తంలో ఎక్కి ఎక్కడికైనా వెళ్ళగలదు, చర్మం దాకా కూడా.

శాక్రమెంటో ఎలుకలు

ఇదంతా వినడానికి బాగుంది. నిజమేనా అని చూడాలి కదా! కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్ళ వైద్య కేంద్రం ఉంది. అక్కడ శామ్యూల్ హ్వాంగ్ అనే చర్మవైద్యుడూ, ఆయనతో పనిచేసే పరిశోధకులూ ఎలుకలకి తీపీ కొవ్వూ ఎక్కువగా ఉన్న తిండి పెట్టారు. మన మాటల్లో చెప్పాలంటే రోజూ డోనట్లూ చీజ్‌బర్గర్లూ అన్నమాట. కొన్ని వారాల తరవాత వాటిలో ఇంటర్‌ల్యూకిన్-23 ఎక్కువయ్యేలా చేశారు. ఇందాక చెప్పుకున్న అరుపు అదే. ఆ తిండి తిన్న ఎలుకల చర్మం ఎర్రబడి పొలుసులు కట్టింది, కీళ్ళు కూడా వాచాయి. పేగుల్లో సూక్ష్మజీవుల ఊరు మారిపోయింది.

తరవాత ఎలుకల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి అదే తిండి, ఇంకో జట్టుకి మంచి తిండి, నాలుగు వారాలు. మంచి తిండికి మారిన ఎలుకల్లో పొలుసులు తగ్గాయి, చెవుల వాపు తగ్గింది. సూక్ష్మజీవులు కూడా కొంతవరకు పాత దారికి వచ్చాయి. సూక్ష్మజీవులని చంపే మందులు ఇచ్చినప్పుడు కూడా చర్మం, కీళ్ళ వాపు తగ్గింది. అంటే ఈ గొడవలో పేగులో ఉన్నవాళ్ళ హస్తం ఉందన్నమాట. ఇవి 2020 నుంచి 2022 మధ్య వచ్చిన ఫలితాలు, అంటే మీరు పుట్టాక వచ్చినవే!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఎలుక ఎలుకే, మనిషి మనిషే. ఎలుకకి సోరియాసిస్ దానంతట అది రాదు, మనం తెప్పించాలి. ఎలుక తినేది మనం నిర్ణయిస్తాం. మీరు తినేది, పాపం మీ అమ్మ కూడా నిర్ణయించలేదు. కాబట్టి "డోనట్ తింటే సోరియాసిస్ వస్తుంది" అని ఈ పరిశోధన చెప్పలేదు. ఎవరైనా అలా చెప్తే ఈ పేజీ చూపించండి.

విమానం ఎక్కితే పొట్ట కూడా మారుతుంది

ఇది ప్రత్యేకంగా మీ కోసం. మిన్నెసోటా రాష్ట్రంలో ఆగ్నేయాసియా నుంచి వచ్చిన హ్మాంగ్, కారెన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పాజావ్ వాంగే అనే శాస్త్రవేత్త, ఆవిడది కూడా హ్మాంగ్ కుటుంబమే, డాన్ నైట్స్ అనే ఆచార్యుడితో కలిసి ఒక పని చేశారు. థాయ్‌లాండ్‌లో ఉన్నవాళ్ళూ, అమెరికా వచ్చినవాళ్ళూ, ఇక్కడే పుట్టినవాళ్ళూ, అందరూ కలిపి 500 మందికి పైగా మనుషుల పేగుల్లో ఏ సూక్ష్మజీవులు ఉన్నాయో చూశారు. (ఎలా చూస్తారని అడక్కండి. అవును, మీరు అనుకున్నదే. చిన్న డబ్బాలో తెచ్చివ్వాలి.)

2018లో ఫలితం వచ్చింది. అమెరికా వచ్చాక పొట్టలో సూక్ష్మజీవుల రకాలు తగ్గిపోతున్నాయి. పీచుని అరిగించేవి మాయమవుతున్నాయి. ఎన్నాళ్ళు ఉంటే అంత తగ్గుతాయి. ఇక్కడే పుట్టిన పిల్లల్లో ఇంకా తక్కువ. తిండి ఒక్కటే కారణం కాదని కూడా వాళ్ళు రాశారు. నీళ్ళు, మందులు, ఇల్లు, అన్నీ ఉండొచ్చు.

తెలుగువాళ్ళ మీద ఆ పరిశోధన చెయ్యలేదు. అయినా నాకు చదువుతుంటే మన ఇళ్ళే గుర్తొచ్చాయి. తాతగారు అక్కడ జొన్న సంగటీ, ఉలవచారూ, పొలం గట్టున దొరికిన ఆకుకూరా తిని పెరిగారు. నాన్న హాస్టల్లో సాంబారన్నం. మీరు మాకరోనీ చీజ్. మూడు తరాల్లో ఎంత దూరం! తరం అంటే తెలుసు కదా, తాతలది ఒక తరం, అమ్మానాన్నలది ఒకటి, మీది ఒకటి. భాష ఒక్కో తరానికీ కొంత కొంత తగ్గిపోతుందని మనం బెంగపడి ఈ తెలుగు బడులు పెట్టుకున్నాం. పొట్టలో ఉన్నవాళ్ళ కోసం ఎవరూ బడి పెట్టలేదు.

భీమవరం నుంచి పెర్ల్ రివర్

ఈ కథలో మనవాడు ఒకాయన ఉన్నారు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద కంటే డబ్బు మీద మనసు ఎక్కువట. కాశీకి వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి ధనవంతుణ్ణి అవుతానని ఇంట్లోంచి పారిపోయారు! పట్టుకుని తీసుకొచ్చి మళ్ళీ బళ్ళో వేశారు. మంచిపని చేశారు.

ఆ రోజుల్లో స్ప్రూ అనే పేగు జబ్బు ఉండేది. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు, నాలుక పుండు, ఒంట్లో రక్తం లేకపోవడం, మనిషి చిక్కి శల్యమైపోవడం. సుబ్బారావు గారి అన్నయ్య పురుషోత్తం ఆ జబ్బుతో చనిపోయారు. తనకీ అదే వచ్చింది. మద్రాసులో ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో బతికారు. గాంధీగారి మాట విని వైద్య కళాశాలకి ఖద్దరు వేసుకుని వెళ్ళినందుకు ఒక తెల్లదొర ఆచార్యుడికి కోపం వచ్చి, పెద్ద డిగ్రీ రాకుండా పోయింది. 1923లో పడవెక్కి బోస్టన్ వచ్చారు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్ట గడవడానికి రాత్రిళ్ళు ఆసుపత్రిలో పని చేశారు. "పొట్ట గడవడం" అంటే తిండికి సరిపడా సంపాదించుకోవడం. చూశారా, మన భాషలో అన్నీ పొట్ట చుట్టే తిరుగుతాయి.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఫోలిక్ అనే మాట లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి వచ్చింది. ఎందుకంటే అంతకుముందు 1941లో టెక్సస్‌లో కొందరు శాస్త్రవేత్తలు టన్నులకొద్దీ పాలకూర ఉడికించి అందులోంచి దాన్ని పట్టుకున్నారు. (నాలుగు టన్నుల పాలకూర! మీకు ఒక గిన్నెడు పెడితేనే మొహం చిట్లిస్తారు.) పాలకూరలోనే కాదు, మన పేగుల్లో ఉండే కొన్ని సూక్ష్మజీవులు కూడా దాన్ని తయారుచేస్తాయి. అది లేకపోతే ఒంట్లో కొత్త రక్తం పుట్టదు. స్ప్రూ రోగుల్లో లేనిది అదే.

ఇంకో విషయం. ఆ ప్రయోగశాలలోనే బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన మిస్సోరిలోని మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందు తీశారు. దాని కుటుంబంలోదే టెట్రాసైక్లిన్. ఈనాటికీ ఉష్ణదేశాల స్ప్రూకి డాక్టర్లు ఇచ్చేవి ముఖ్యంగా రెండు: ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. అన్నయ్యని మింగిన జబ్బుకి వాడే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది తమ్ముడి ప్రయోగశాలే, టెట్రాసైక్లిన్ చుట్టం ఆరియోమైసిన్ వచ్చింది కూడా అక్కడి నుంచే.

చర్మానికీ దీనికీ ఏమిటి సంబంధం అంటారా? వస్తున్నా. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచెయ్యడం వచ్చాక, అచ్చం దానిలాగే కనిపించి దాని పని జరగనివ్వని దొంగ రూపాలు కూడా ఆ బృందం తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ వాటిలో ఒకదాన్ని రక్తపు క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చి చూశారు. 16 మందిలో 10 మందికి కొన్నాళ్ళపాటు జబ్బు తగ్గింది. అప్పటిదాకా ఏ మందుకీ లొంగని జబ్బది. ఆ ఫలితం 1948 జూన్‌లో అచ్చయింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు చనిపోయారు. వయసు 53.

మూడేళ్ళ తరవాత, 1951లో, అదే మందు వాడితే సోరియాసిస్ మచ్చలు తగ్గుతున్నాయని గబ్నర్ అనే డాక్టర్, ఆయన తోటివాళ్ళు గమనించారు. దాని తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్ కూడా సుబ్బారావు గారి బృందం పనిలోంచి వచ్చిందే. 1970ల మొదట్లో అమెరికా ప్రభుత్వం దాన్ని సోరియాసిస్‌కి వాడవచ్చని ఒప్పుకుంది. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. తక్కువ మోతాదులో వారానికి ఒకసారి ఇస్తారు. అది అరుస్తున్న కాపలా కణాలని కాస్త నెమ్మదిస్తుంది. దాని వల్ల ఇబ్బందులు రాకుండా చాలామందికి ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఇస్తారు. ఒక చేతిలో రెండు మాత్రలు, రెండూ ఒకే భీమవరం అబ్బాయి నడిపించిన బృందం పనిలోంచి వచ్చినవే.

కథ అక్కడితో అయిపోలేదు. 2021లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రేణుకా నాయక్, పీటర్ టర్న్‌బా బృందం మెథోట్రెక్సేట్ మన పేగుల్లోని సూక్ష్మజీవుల మీద కూడా పనిచేస్తుందని చూపించింది. వాటికీ ఫోలిక్ ఆమ్లం లాంటిది కావాలి కదా మరి! మందు వాడాక రోగుల పేగుల్లో మిగిలిన సూక్ష్మజీవులని ఎలుకల్లో పెడితే, ఆ ఎలుకల కాపలా కణాల గోల తగ్గింది. కీళ్ళవాతం ఉన్న రోగుల మీద చేసిన పరిశోధన అది. తిండి, పేగు, సూక్ష్మజీవి, కాపలా కణం, అన్నీ ఒకే దారంతో కట్టినట్టున్నాయి. ఆ దారంలో ఒక కొస సుబ్బారావు గారు పట్టుకున్నారు, ఇంకో కొస ఎక్కడుందో ఇప్పుడు వెతుకుతున్నారు.

మరి ఏం తినాలి?

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి వద్దాం. "నేను ఏం తిన్నానని వచ్చింది?" నువ్వు తిన్నదాని వల్ల రాలేదమ్మా. వంకాయ వల్ల కాదు, గోంగూర వల్ల కాదు. 2018లో అమెరికాలోని నేషనల్ సోరియాసిస్ ఫౌండేషన్ వైద్యమండలి అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చదివి సలహా ఇచ్చింది. బరువు బాగా ఎక్కువ ఉన్న పెద్దవాళ్ళు బరువు తగ్గితే సోరియాసిస్ కూడా తగ్గుతుందని గట్టిగా చెప్పింది. గోధుమలు మానెయ్యడం, పరీక్షలో గ్లూటెన్ పడదని తేలినవాళ్ళకే. అంతేకానీ అందరూ అన్నీ మానెయ్యమని చెప్పలేదు. తిండి మందుకి తోడు, మందుకి బదులు కాదు. డాక్టర్ ఇచ్చిన పూత రాసుకోవడం ఆపకూడదు.

మానెయ్యడం వల్ల ఒక్కోసారి నష్టం కూడా ఉంది. మీ బడిలో వేరుశెనగ పడనివాళ్ళకి వేరే బల్ల ఉంటుంది కదా? ఒకప్పుడు ఎగ్జిమా ఉన్న పసిపిల్లలకి వేరుశెనగ అసలు పెట్టొద్దనేవారు. లండన్‌లో గిడియన్ లాక్ బృందం ఎగ్జిమా గట్టిగా ఉన్నవాళ్ళూ, గుడ్డు పడనివాళ్ళూ అయిన 640 మంది పసిపిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి వేరుశెనగ తినిపించారు, ఇంకో జట్టుకి మాన్పించారు. 2015లో ఫలితం వచ్చింది: తిన్నవాళ్ళలోనే అలర్జీ చాలా తక్కువ! నోటి ద్వారా పొట్టలోకి వెళ్ళిన దాన్ని కాపలావాళ్ళు చుట్టం అనుకుంటారు, పగిలిన చర్మం ద్వారా వచ్చిన దాన్ని దొంగ అనుకుంటారు, అందుకే ఇలా జరుగుతుందని ఒక ఆలోచన. (ఇది పసిపిల్లలకి, డాక్టర్ చూస్తుండగా చేసింది. ఇప్పటికే వేరుశెనగ పడనివాళ్ళు ఎవరూ ఇంట్లో ప్రయత్నించకూడదు!)

చేర్చుకోవడం గురించి మాత్రం ఒక మంచి కబురు ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో జస్టిన్ సోనెన్‌బర్గ్, ఎరికా సోనెన్‌బర్గ్, క్రిస్టఫర్ గార్డ్‌నర్ కలిసి ఆరోగ్యంగా ఉన్న 36 మంది పెద్దవాళ్ళని తీసుకున్నారు. పది వారాలు కొందరికి పీచు ఎక్కువున్న తిండి, కొందరికి పెరుగు, కెఫిర్, కిమ్చి లాంటి పులిసిన తిండి. 2021లో తేలిందేమిటంటే, పులిసినవి తిన్నవాళ్ళ పొట్టలో సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, ఒంట్లో వాపుని చూపించే 19 రకాల ప్రొటీన్లు తగ్గాయి. పీచు తిన్నవాళ్ళలో రకాలు పెరగలేదు. పది వారాలు చాలలేదేమో. చర్మం జబ్బు ఉన్నవాళ్ళ మీద చేసింది కాదిది. అయినా పెరుగన్నం తినడానికి ఇంకో కారణం దొరికింది.

ఇడ్లీ సంగతేమిటి అంటారా? పిండిని పొంగించేది ల్యూకోనోస్టాక్ అనే సూక్ష్మజీవి. చికాగో చలిలో అది బద్ధకంగా ఉంటుంది కాబట్టే అమ్మ పిండిగిన్నెని ఓవెన్లో లైటు వేసి పెడుతుంది. కానీ ఆవిరి మీద ఉడికాక అది చచ్చిపోతుంది. కాబట్టి ఇడ్లీ మంచిదే, బతికున్న సూక్ష్మజీవులు మాత్రం అందులో ఉండవు. పెరుగులో ఉంటాయి, మజ్జిగలో ఉంటాయి, రాత్రి అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి ఉంచిన చద్దన్నంలో ఉంటాయి. ఆవకాయ నంజుకోవడానికే, అందులో ఉప్పు చాలా ఎక్కువ.

ఒప్పులకుప్ప మళ్ళీ ఆడామా అని అడుగుతారేమో. తరవాతి వారం ఆ చేతులు వదిలేసిన పిల్లే వచ్చి "అది అంటుకోదట, మా అమ్మ ఫోన్లో చూసింది" అని చెప్పి చెయ్యి చాపింది. మచ్చలు పూర్తిగా పోలేదు, ఒక్కోసారి తగ్గుతాయి, ఒక్కోసారి పెరుగుతాయి. ఆ పిల్ల ఇప్పుడు పొట్టి చేతుల చొక్కా వేసుకొస్తోంది. మధ్యాహ్నం డబ్బాలో గోంగూర పప్పు కూడా.

ఇంట్లో చేసి చూడండి

పాలలో వేసే ఆ చెంచా పెరుగుని మనం "తోడు" అంటాం. తోడు అంటే పక్కన ఉండే స్నేహితుడు కూడా. "నాకు తోడుగా రా" అంటాం కదా. ఎవరు పెట్టారో కానీ మంచి పేరు.

పెద్దవాళ్ళని తోడు ఉంచుకుని మూడు చిన్న గిన్నెల్లో కాచిన పాలు పోయండి. మొదటి గిన్నెలో పాలు గోరువెచ్చగా అయ్యాక చెంచా పెరుగు వెయ్యండి. రెండో గిన్నెలో పాలు పొగలు కక్కుతున్నప్పుడే వెయ్యండి. మూడో దాంట్లో ఏమీ వెయ్యొద్దు. మూతలు పెట్టి, ఓవెన్లో లైటు మాత్రం వేసి, రాత్రంతా ఉంచండి. పొద్దున్నే చూసి ఏ గిన్నెలో ఏమైందో, ఎందుకయిందో ఐదు వాక్యాల్లో తెలుగులో రాయండి. రాత్రంతా బయట ఉన్నవి కాబట్టి రెండో గిన్నె, మూడో గిన్నె పారబొయ్యండి, రుచి చూడొద్దు. తరవాత అమ్మమ్మకో నాన్నమ్మకో ఫోన్ చేసి వాళ్ళ చిన్నప్పుడు ఇంట్లో తోడు లేకపోతే ఏం చేసేవారో అడగండి. పక్కింటికి గిన్నె పట్టుకుని వెళ్ళేవారా? మిరపకాయ తొడిమ వేసేవారా? వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుని రండి, వచ్చే తరగతిలో చదువుదాం.